గిటారుకు తెలుగు నేర్పిన గొంతు

1966 డిసెంబరు 15వ తేదీన మద్రాసులో ఒక సినిమా పాట రికార్డింగు జరిగింది. చిత్రం ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’. సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి. పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య వంటి పేరున్నవారితో కలిసి ఒక కొత్త కుర్రవాడు ఆ పాటలో గొంతు కలిపాడు. వయస్సు ఇరవై. అనంతపురంలో ఇంజనీరింగులో చేరి, టైఫాయిడ్ రావడంతో అది వదిలేసి, మద్రాసులో ఎ.ఎం.ఐ.ఇ. చదువుకుంటున్నాడు. కుటుంబం నెల్లూరుది. తండ్రి సాంబమూర్తిగారు హరికథకులు. ఇంట్లో సంగీతం ఉన్నదేగాని, ఈ అబ్బాయి గురువు ఎదుట కూర్చుని శాస్త్రోక్తంగా నేర్చుకున్నది లేదు. ఒక పోటీలో అతని పాట విని ముచ్చటపడిన కోదండపాణిగారు పట్టుబట్టి సినిమాకు తెచ్చారు. ఆ కుర్రవాడే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు. తరువాతి రోజుల్లో సొంత రికార్డింగు థియేటరు కట్టుకున్నప్పుడు దానికి కోదండపాణిగారి పేరే పెట్టుకున్నారు.

రాక్, పాప్ సంగీత చరిత్ర అనగానే మనకు లివర్‌పూల్, లండన్, అమెరికా పేర్లే తోస్తాయి. ఆ చరిత్రలో నెల్లూరికేమి పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. ఆ సంగీతం సముద్రాలు దాటి మన తీరానికి వచ్చి తెలుగు మాట్లాడడం నేర్చుకున్న ఘట్టాలు కొన్ని ఉన్నాయి. వాటిలో చాలా చోట్ల వినబడే గొంతు ఈ నెల్లూరు గొంతే. ఇళ్లలో తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య ఎన్నో ఏళ్లుగా సాగుతున్న ఒక వాదానికి కూడా ఆ గొంతులో కొంత జవాబు దొరుకుతుంది.

మద్రాసులో పుట్టిన ఇద్దరు

ముందుగా ఒక వింత సంగతి. 1967 మార్చిలో, అంటే బాలుగారి మొదటి సినిమా విడుదలైన ఏడాదే, ఇంగ్లండులో ‘రిలీజ్ మీ’ అనే పాట మొదటి స్థానానికి చేరి ఆరు వారాలపాటు అక్కడే కూర్చుంది. దాని మూలంగా బీటిల్స్ బృందం వారి కొత్త రికార్డు రెండో స్థానంలో ఆగిపోయింది. అప్పటికి నాలుగేళ్లుగా ఏ రికార్డు వేసినా మొదటి స్థానం తమదేననుకున్న వాళ్లకు అది పెద్ద దెబ్బ. ఆ దెబ్బ కొట్టిన గాయకుడు ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్. అది పెట్టుకున్న పేరు. అసలు పేరు ఆర్నాల్డ్ జార్జ్ డోర్సీ. 1936 మే 2న పుట్టింది మన మద్రాసులో!

రెండో మనిషి పీట్ బెస్ట్. 1941 నవంబరు 24న ఇతడూ మద్రాసులోనే పుట్టాడు. 1945లో కుటుంబం ఓడ ఎక్కి ఇంగ్లండు వెళ్లిపోయింది. తల్లి మోనా బెస్ట్ లివర్‌పూల్‌లో తమ ఇంటి నేలమాళిగలోనే కుర్రకారు కోసం ఒక కాఫీ క్లబ్బు తెరిచింది. తరువాత బీటిల్స్ అయిన పిల్లలు అక్కడ వాయించేవారు. 1960 ఆగస్టులో పీట్ ఆ బృందంలో డ్రమ్ములు వాయించడానికి చేరాడు. రెండేళ్లు జర్మనీ క్లబ్బుల్లోనూ లివర్‌పూల్‌లోనూ వాళ్లతో కష్టపడ్డాడు. 1962 ఆగస్టు 16న అతన్ని తీసేశారు. అతని స్థానంలో రింగో స్టార్ వచ్చాడు. అక్టోబరులో బీటిల్స్ మొదటి రికార్డు వచ్చింది. తరువాతి కథ లోకానికి తెలుసు. పీట్ బెస్ట్ కొంతకాలానికి సంగీతం మాని, లివర్‌పూల్‌లోనే ఉద్యోగం చేసుకున్నాడు.

వీళ్లిద్దరినీ మనవాళ్లని చెప్పుకోవడం కొంచెం అతి అవుతుంది. మద్రాసులో పుట్టారు, చిన్నప్పుడే వెళ్లిపోయారు, అంతే. కాని ఆ కాలంలో మద్రాసు ఎటువంటి ఊరో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, గోవా నుండి వచ్చిన వాయిద్యకారులు, చర్చి ఆర్గన్లు, పటాలాల బ్యాండ్లు, హోటళ్లలో డాన్సు సంగీతం అన్నీ అక్కడ ఉండేవి. తెలుగు సినిమాలకు వయొలిన్లు, ట్రంపెట్లు, గిటార్లు వాయించిన వారిలో చాలామంది అలా వచ్చినవారే. ధన్‌రాజ్ మాస్టర్ వంటివారు పాశ్చాత్య స్వరలిపి నేర్పేవారు. ఇళయరాజా ఆయన దగ్గర నేర్చుకున్నవారే.

ఆ మద్రాసు నెల్లూరికి రైలులో సుమారు 175 కిలోమీటర్లు. 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట, తడ దాటితే తమిళనాడే. 1953 దాకా అంతా ఒకే రాష్ట్రం. నెల్లూరులో మంచి గొంతు ఉన్న పిల్లవాడు చూసేది హైదరాబాదు వైపు కాదు, మద్రాసు వైపు.

రైలుకంటే ముందుగా వచ్చేది రేడియో. 1952లో బి.వి. కేస్కర్ సమాచార శాఖ మంత్రి అయిన తరువాత ఆకాశవాణిలో సినిమా పాటలు కరువైపోయాయి. జనం ముల్లు తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. సముద్రం మీదుగా వచ్చే ఆ స్టేషను మన తీరంలో బాగా పలికేది. హిందీ పాటలకు అమీన్ సయానీ, తెలుగు పాటలకు మీనాక్షి పొన్నుదురై. ఆ పేర్లు చెబితే పెద్దవాళ్ల ముఖాల్లో ఇప్పటికీ వెలుగు వస్తుంది. 1957లో వివిధభారతి మొదలైన తరువాతగాని ప్రభుత్వ రేడియోకు ఆ జనం తిరిగి రాలేదు. పైవాళ్లు వద్దన్న పాటను జనం పక్క స్టేషనులో వెతుక్కున్నారన్నమాట. ఇళ్లలో ‘ఆ పాటలు కట్టెయ్యి’ అని కేకలేసే పెద్దలకు ఈ సంగతి ఉపయోగపడుతుందేమో.

పెద్దల భయాలు

భయం లేకపోలేదు. ఉత్తపుణ్యానికి వచ్చినదీ కాదు. 1957 జనవరి 6న ఎల్విస్ ప్రెస్లీ అమెరికా టెలివిజన్లో పాడినప్పుడు అతన్ని నడుము పైనుంచి మాత్రమే చూపించారు. అతని ఆట చూసి పిల్లలు చెడిపోతారని అంతగా గగ్గోలు పుట్టింది. అదే రోజున అదే కార్యక్రమంలో అతడు ఒక భక్తిగీతం కూడా పాడాడన్నది చాలామందికి తెలియదు. ఎల్విస్ చిన్నప్పటినుండి పెరిగింది అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ సంఘంలో. రాక్ సంగీతానికి రాజు అనిపించుకున్న అతనికి పోటీలో వచ్చిన గ్రామీ బహుమతులు మూడు. మూడూ సువార్త గీతాలకే వచ్చాయి.

క్లిఫ్ రిచర్డ్ కథ మన పాఠకుల్లో కొందరు వినే ఉంటారు. ఇతడు 1940లో లక్నోలో పుట్టాడు. ఇంగ్లండులో మొదటి పెద్ద రాక్ గాయకుల్లో ఒకడు. 1966లో లండన్లో బిల్లీ గ్రాహం గారి కూటంలో వేదిక మీదికి వచ్చి తన విశ్వాసాన్ని బహిరంగంగా చెప్పుకున్నాడు. ఇక పాప్ పాటలు మాని బడిపంతులు కావాలనుకున్నాడు. చివరికి మానలేదు. ఆ పాటలూ పాడాడు, సువార్త గీతాలూ పాడాడు. అది తప్పో ఒప్పో అప్పట్లో చాలామంది వాదించుకున్నారు.

మన దగ్గర ఈ వాదం ఇంకా పాతది. ఇప్పుడు హార్మోనియం లేని భజన గాని, పల్లెల్లో ఆరాధన గాని ఊహించలేము. పెద్దవాళ్లకు అది మన సొంత వాయిద్యమే. కాని అది యూరపు నుండి వచ్చినది. మన గమకాలను పలకలేదని, విదేశీ వస్తువని 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించింది. సుమారు ముప్పై ఏళ్లు ఆ నిషేధం నడిచింది. అంతకుముందు వయొలిన్ సంగతి. కర్నాటక కచేరీలో వయొలిన్ లేకపోతే కచేరీ నిండదు గదా. దాన్ని ఇంగ్లీషువాళ్ల దగ్గర నేర్చుకుని మన సంగీతానికి మలిచినవారిలో ముఖ్యులు బాలుస్వామి దీక్షితులు. ఆయన అన్నగారు సాక్షాత్తు ముత్తుస్వామి దీక్షితులు. మద్రాసు కోటలో ఇంగ్లీషు బ్యాండువాళ్ల వరసలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం రాశారు. ‘నొట్టుస్వర సాహిత్యాలు’ అని వాటికి పేరు. సుమారు నలభై ఉన్నాయి. బ్రిటిషు జాతీయగీతం వరస కూడా అందులో ఉంది. ఆ రోజుల లెక్కలో అది కూడా పాప్ సంగీతమే అంటే పండితులు కోప్పడతారేమో!

మన సంఘాల్లో వాడే ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తీసి చూడండి. పురుషోత్తమ చౌదరి గారి (1803-1890) వంటివారి కీర్తనల నెత్తిన రాగం, తాళం వేసి ఉంటాయి. అవి నోటికి ఎలా వస్తాయో, తలుపు మూసినా చెవిలో ఎలా మోగుతాయో మీకు తెలుసు. ఇంగ్లీషు వరసలకు మాట మాటా అతికించి తెలుగు చేసిన పాటలు కొన్ని పాడి చూడండి. వరస మధురంగా ఉంటుంది, భావం గొప్పది, కాని మాట ఎక్కడో నలిగిపోతుంది. గిటారు, డ్రమ్ములు రాకముందే వచ్చిన చిక్కు ఇది. చిక్కు వాయిద్యంలో లేదు.

ఇది కొంచెం విడమరచి చెప్పవలసిన విషయం. ఇంగ్లీషు మాటలు చాలావరకు పొట్టివి, హల్లుతో టక్కున ఆగుతాయి. డ్రమ్ము దెబ్బకు సరిగ్గా అమరుతాయి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. ఒక మాటలోనుండి ఇంకో మాటలోకి జారిపోతుంది. పైగా హ్రస్వ దీర్ఘాలు మనకు ప్రాణం. తాళం నిండడం కోసం ‘కలము’ అనే మాటలో మొదటి అక్షరం సాగదీశారనుకోండి, ‘కాలము’ అయి కూర్చుంటుంది. ‘పలు’ కాస్తా ‘పాలు’ అవుతుంది. కనుక పాశ్చాత్య వరసలో తెలుగు పాడేవాడికి రెండు దారులు. తాళాన్ని పట్టుకుని మాటను వదిలెయ్యడం సులువైన దారి. రెండింటినీ పట్టుకోవడం కష్టమైన దారి. బాలుగారు యాభై ఏళ్లకు పైగా నడిచింది రెండో దారిలో.

శాస్త్రిగారి గొంతూ అదే, దొంగ గొంతూ అదే

చదువుకునే రోజుల్లో, ఆ తరువాత సినిమాల్లో స్థిరపడుతున్న రోజుల్లో కూడా బాలుగారికి ఒక లైట్ మ్యూజిక్ బృందం ఉండేది. వేదికల మీద కచేరీలు చేసేవారు. అందులో గిటారు, హార్మోనియం వాయించిన యువకుడే ఇళయరాజా. ఆయన అన్నదమ్ములు భాస్కర్, గంగై అమరన్ కూడా ఉండేవారు. తమిళనాడులోని మారుమూల పల్లె నుండి వచ్చిన అన్నదమ్ములు, నెల్లూరు నుండి వచ్చిన గాయకుడు కలిసి ఊరూరా తిరిగి వాయించిన ఆ రోజుల్లో వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. 1976లో ఇళయరాజా సంగీత దర్శకుడైన తరువాత దక్షిణాది సినిమా పాటలో బేస్ గిటారు, వయొలిన్ల బృందగానం, జానపద డప్పు ఒకే పంక్తిలో కూర్చున్నాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1980 ఫిబ్రవరిలో ‘శంకరాభరణం’ విడుదలైంది. కె. విశ్వనాథ్ గారి దర్శకత్వం, కె.వి. మహదేవన్ గారి సంగీతం. సంప్రదాయ సంగీతం ఆదరణ కోల్పోయి, పాశ్చాత్య హోరు పెరిగిపోయిన కాలంలో శంకరశాస్త్రి అనే విద్వాంసుడి వేదన ఆ కథ. అందులో కొందరు కుర్రాళ్లు రాత్రివేళ గిటార్లతో గోల చేసి శాస్త్రిగారిని ఎగతాళి చేసే ఘట్టం ఒకటి ఉంది. శాస్త్రిగారు బయటికి వచ్చి వాళ్ల సంగీతాన్ని తిట్టరు. అది తనకూ చేతనవునని చూపిస్తారు. తన సంగీతం వాళ్లకు చేతనవునా అని నిలదీస్తారు. ఆ సినిమా చూసిన తెలుగువాడు ఇంటికి వచ్చి పిల్లలకు సంగీతం చెప్పించాలనుకున్నాడంటే అబద్ధం కాదు.

ఆ శాస్త్రిగారి గొంతు శాస్త్రీయం నేర్చుకోని బాలుగారిది. ముందు వారు ఒప్పుకోలేదు. మహదేవన్ గారి సహాయకులు పుహళేంది గారు ధైర్యం చెప్పి, దగ్గర కూర్చోబెట్టి నేర్పించి పాడించారు. దానికి జాతీయ బహుమతి వచ్చింది. ఆరు జాతీయ బహుమతుల్లో అది మొదటిది. రెండోది హిందీ చిత్రం ‘ఏక్ దూజే కే లియే’ (1981) పాటకు. దక్షిణాది గొంతు హిందీకి పనికిరాదేమోనని సంగీత దర్శకులు లక్ష్మీకాంత్-ప్యారేలాల్ సందేహిస్తే, దర్శకుడు బాలచందర్ పట్టుబట్టారు.

1985కు రండి. చిరంజీవి నటించిన ‘దొంగ’. దర్శకుడు ఎ. కోదండరామిరెడ్డి, సంగీతం చక్రవర్తి. అందులో గోలీమార్ పాట గుర్తుందా? మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ఆల్బం 1982 నవంబరు 30న వచ్చింది. పద్నాలుగు నిమిషాల వీడియో మరుసటి ఏడాది డిసెంబరులో వచ్చింది. లేచి నాట్యమాడే శవాలు, ఎర్ర తోలు కోటు, ఆ అడుగులు లోకాన్ని ఊపేశాయి. అప్పటికి యెహోవాసాక్షుల మతంలో ఉన్న జాక్సన్, ఆ వీడియో మొదట్లో ఇది క్షుద్రవిద్యల మీద నమ్మకాన్ని సమర్థించేది కాదని ఒక ప్రకటన వేయించాడు. ఎంత పెద్ద తారకైనా ఇంట్లో నేర్పిన భయభక్తులు మనసులో పీకుతూనే ఉంటాయి కాబోలు. రెండేళ్లు తిరక్కుండానే ఆ కోటు, ఆ దయ్యాల ఆట మద్రాసు స్టూడియోలకు చేరాయి. ‘దొంగ’లో చిరంజీవి ఆ ఆట ఆడారు. పాడింది బాలుగారు.

శంకరశాస్త్రి ఎవరి మీదనైతే కన్నెర్ర చేశాడో, ఆ గోల చేసిన గొంతు కూడా శంకరశాస్త్రి గొంతే అయిందన్నమాట! మధ్యలో గడిచినవి అయిదేళ్లు. నాకు ఇందులో వింత కంటే పాఠమే ఎక్కువ కనిపిస్తుంది. గోలీమార్ పాట గొప్ప సాహిత్యమని నేను చెప్పడం లేదు. ఇంటిల్లిపాది కూర్చుని వినవలసినదని అసలే చెప్పను. కాని ఒకసారి చెవి పెట్టి వినండి. ఆ వేగంలో, ఆ డ్రమ్ముల కింద ఒక్క తెలుగు అక్షరం నలగలేదు. ఒత్తు ఒత్తుగానే ఉంది, పొట్టి అచ్చు పొట్టిగానే ఉంది. మహదేవన్ గారి దగ్గర పాడిన జాగ్రత్తే చక్రవర్తి గారి దగ్గరా పాడారు. చాలా ఏళ్ల తరువాత ఆ దృశ్యం ఇంటర్నెట్టులో పడి, తెలుగు అంటే ఏమిటో తెలియని పాశ్చాత్యులు ‘ఇండియన్ థ్రిల్లర్’ అని పేరు పెట్టి పడీపడీ నవ్వుతూ చూశారు. వాళ్లు నవ్వింది ఆటకు. గొంతును వెక్కిరించినవాడు నాకు కనబడలేదు.

ఈ రెంటికీ ముందే 1978లో ‘కరుణామయుడు’ వచ్చింది. క్రీస్తు సిలువ మోసుకుపోయే ఘట్టంలోని పాట మోదుకూరి జాన్సన్ గారి రచన. పాడినది బాలుగారే. గుడ్ ఫ్రైడే నాడు ఇప్పటికీ ఊరూరా మైకుల్లో అది వినిపిస్తుంది. హరికథకుని ఇంట పుట్టిన బ్రాహ్మణ యువకుడు పాడాడని ఎవరూ ఆలోచించరు. కన్నీళ్లు మాత్రం పెట్టుకుంటారు.

క్యాసెట్లు, కీబోర్డులు

అప్పటి రికార్డింగు పద్ధతి ఒకటి చెప్పాలి. గాయకులు, వాయిద్యకారులు అందరూ ఒకేచోట కూడి, మొదటినుండి చివరిదాకా ఒకే బిగిన పాడి వాయించేవారు. తబలా అతను ఒక దెబ్బ తప్పితే అందరూ మళ్లీ మొదటికి రావలసిందే. అటువంటి రోజుల్లోనే, 1981 ఫిబ్రవరి 8న, బెంగళూరులో ఉపేంద్రకుమార్ గారి సంగీతంలో బాలుగారు ఉదయం తొమ్మిది నుండి రాత్రి తొమ్మిది వరకు 21 కన్నడ పాటలు పాడారు. పన్నెండు గంటలు, 21 పాటలు! తన మాతృభాష కాని భాషలో. పాట వినడం, తెలుగు లిపిలో రాసుకోవడం, మాటకు అర్థం అడగడం, పాడడం. కళతోపాటు కూలి కూడా ఉన్న పని అది.

క్యాసెట్ వచ్చాక పాట మన చేతిలోకి వచ్చింది. నెల్లూరు ట్రంకురోడ్డు వంటి బజార్లలో రికార్డింగు సెంటర్లు వెలిశాయి. చీటీ మీద పాటల పేర్లు రాసిచ్చి, ఖాళీ క్యాసెట్టు కొనిస్తే మరునాటికి నింపి ఇచ్చేవారు. విశ్వాసుల ఇళ్లలో ఒక వైపు క్రైస్తవ గీతాలు, రెండో వైపు సినిమా పాటలు ఉన్న క్యాసెట్లు ఉండేవి. నాన్నగారు ఇంట్లో ఉంటే ఒక వైపు, లేకపోతే రెండో వైపు! రెండు వైపులా తరచుగా ఒకే గొంతు ఉండేదన్నది నాన్నగారికీ తెలుసు. ఎందుకంటే బాలుగారు తెలుగు క్రైస్తవ క్యాసెట్లకు కూడా ఎన్నో పాటలు పాడారు.

బొంబాయి నుండి బప్పీ లాహిరి డిస్కో పట్టుకొచ్చారు. ‘సింహాసనం’ (1986), ‘గ్యాంగ్ లీడర్’ (1991) పాటలు ఊళ్లకు ఊళ్లను ఆడించాయి. వాటి గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. పెళ్లి బ్యాండ్లు ఇంకా వాయిస్తూనే ఉన్నాయి.

అంతకంటే పెద్ద మార్పు చప్పుడు లేకుండా వచ్చింది. రాజ్-కోటి గారి దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే యువకుడు ఎ.ఆర్. రహమాన్ పేరుతో 1992లో ‘రోజా’కు సంగీతమిచ్చాడు. మొదటి సినిమాకే జాతీయ బహుమతి. అతడు కుర్రతనంలో మద్రాసు రాక్ బృందాల్లో వాయించినవాడే. అతని దగ్గర గాయకుడు ఒంటరిగా గదిలో నిలబడి పాడతాడు. వాయిద్యాలు ముందో వెనకో విడిగా చేరతాయి. తప్పు పలికిన మాట ఒక్కటే తిరిగి పాడవచ్చు. సౌకర్యమే. కాని అందరూ ఒకే గదిలో ఊపిరి బిగబట్టి పాడిన పాటలో ఉండే వేడి వేరు. వాయిద్యాల గుంపు మీద ఆధారపడి బతికిన ఎన్నో కుటుంబాలకు కీబోర్డు రాకతో పని తగ్గిపోయింది. పాప్ చరిత్ర రాసేవారు ఈ ముక్క అరుదుగా రాస్తారు.

1994లో ‘ప్రేమికుడు’ వచ్చింది. అందులో ప్రభుదేవా ఆటకు పాడిన మనో అప్పటి గుంటూరు జిల్లా సత్తెనపల్లి వారు, అసలు పేరు నాగూర్ బాబు, చక్రవర్తి గారి దగ్గర పనిచేసి పైకి వచ్చినవారు. ఆ సినిమాలో ప్రభుదేవాకు తండ్రిగా నటించింది బాలుగారు. నలభై ఎనిమిదో ఏట, ఆ భారీ శరీరంతో, కొడుకుతో కలిసి నవ్వుతూ ఆడారు. తండ్రీకొడుకులు పాట దగ్గర కొట్లాడుకోకుండా కలిసి ఆడడం తెలుగు ఇళ్లలో అప్పటికి కొత్త దృశ్యం.

ఆ ఆటకు రెండేళ్ల తరువాత, 1996లో, ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైంది. బాలుగారి జీవితంలో పాటలకంటే ఇదే ఎక్కువ నిలుస్తుందని నా అభిప్రాయం. పిల్లలు వచ్చి పాడేవారు. శ్రుతి తప్పితే ఆయన చిరునవ్వుతో చెప్పేవారు. ‘శ’ను ‘స’ అన్నా, ‘ళ’ను ‘ల’ అన్నా, ఒత్తు మింగినా మాత్రం పాట ఆపి, ఆ మాట తానే పలికి, మళ్లీ పలికించేవారు. పాట రాసినవారి పేరు చెప్పకుండా ముందుకు పోనిచ్చేవారు కాదు. వేగమైన పాటైనా, భక్తి పాటైనా అదే కొలత. ఆ పిల్లల్లో చాలామంది ఈనాడు సినిమాల్లో పాడుతున్నారు. కొందరు సంఘాల్లో క్వయర్లు నడుపుతున్నారు.

డ్రమ్ములు, గిటార్లు ఇప్పుడు మన ఆరాధనలోకి కూడా వచ్చేశాయి. వాటిని ఉంచాలా తీసెయ్యాలా అని సంఘపెద్దలు, యౌవనస్థులు వాదించుకుంటున్న చోట్ల నేను ఒక్కటే అడుగుతాను. వెనక వరుసలో కూర్చున్న, పుస్తకం చదవలేని ముసలమ్మకు పాటలో మాట అర్థమవుతోందా? అర్థమవుతుంటే డ్రమ్ము ఉండనివ్వండి. కాకపోతే హార్మోనియమైనా కాసేపు ఆపండి.

సముద్రం దాటిన వరస

2020 ఆగస్టులో కరోనాతో ఆసుపత్రిలో చేరిన బాలుగారు సెప్టెంబరు 25న చెన్నైలో కన్నుమూశారు. మరునాడు తిరువళ్లూరు జిల్లా తామరైపాక్కంలోని వారి తోటలో భూస్థాపన జరిగింది. ఆ సంవత్సరం ఫిబ్రవరిలోనే నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. నెల్లూరులోని ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు రాష్ట్ర ప్రభుత్వం ఆయన పేరు పెట్టింది. 2021లో పద్మవిభూషణ్ ప్రకటించారు, అందుకోవడానికి ఆయన లేరు.

చక్రవర్తి గారి దగ్గర సహాయకునిగా పనిచేసినవారిలో ఎం.ఎం. కీరవాణి ఒకరు. ఆయన సంగీతంలో బాలుగారు ‘అన్నమయ్య’ (1997) సహా ఎన్నో పాడారు. 2023 మార్చి 12న అమెరికాలో ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రంలోని ‘నాటు నాటు’కు ఆస్కార్ ఇచ్చినప్పుడు, పాట రాసిన చంద్రబోస్‌తో కలిసి కీరవాణి వేదిక ఎక్కారు. అమెరికా తెరమీద వినిపించిన ఆ పాట నాటి మాటలతో, నాటి దరువుతో ఉన్న తెలుగు పాట. కీరవాణి మాత్రం అక్కడ నిలబడి, తాను కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని చెప్పారు. కార్పెంటర్స్ అంటే 1970లలో పేరు పొందిన అమెరికా అన్నాచెల్లెళ్లు రిచర్డ్, కారెన్. మెత్తని పాప్ పాటలు వారివి. చెల్లెలు కారెన్ 1983లోనే చనిపోయింది. వారి ‘టాప్ ఆఫ్ ది వరల్డ్’ వరసలోనే తన కృతజ్ఞతను మాటలు మార్చి పాడి వినిపించారు కీరవాణి. ఎక్కడో రికార్డు ప్లేయర్ మీదో రేడియోలోనో విన్న వరస, పుట్టిన దేశానికే తిరిగి వెళ్లి వినబడింది.

కొద్ది రోజులకు రిచర్డ్ కార్పెంటర్ తన ఇంట్లో పియానో ముందు కూర్చుని, కూతుళ్లతో కలిసి అదే వరసలో కీరవాణికీ చంద్రబోస్‌కూ అభినందనలు పాడి పంపారు. అది చూసి కీరవాణి గారికి కన్నీళ్లు ఆగలేదట.